తెల్ల సిమెంటు పెట్టిన పన్ను మళ్లీ ఎందుకు పుచ్చుతుంది?

“సిస్టర్, మధ్యాహ్నం డ్యూటీకి కొండ ఎక్కాలి. తొందరగా సిమెంటు పెట్టించి పంపించండి.”

తిరుమలలో ఒక టిఫిన్ హోటలులో పనిచేసే అబ్బాయి ఆ మధ్య మా దంత విభాగానికి వచ్చి అన్న మాట ఇది. ఎనిమిది నెలల క్రితమే వేరొక చోట అతను దవడ పంటికి తెల్ల సిమెంటు పెట్టించుకున్నాడు. వేడి కాఫీ తాగినా, చన్నీళ్లు తాగినా ఆ పన్ను జివ్వుమంటోంది. సిమెంటు ఊడలేదు, విరగలేదు. అయినా అంచున సన్నని నల్లగీత కనిపించింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి చూస్తే సిమెంటు కింద పన్ను మళ్లీ పుచ్చి ఉంది. “అప్పుడు కూడా తొందరపెట్టి పది నిమిషాల్లో వేయించుకున్నాను” అని అతనే ఒప్పుకున్నాడు.

“సిమెంటు మంచిది కాదేమో” అని మీలో చాలామంది అంటుంటారు. మేము దంతవైద్యులము కాము. కుర్చీ పక్కన నిలబడి సాయం చేసేవాళ్లము. అక్కడ ఇన్నేళ్లుగా చూసి తెలుసుకున్నది చెబుతున్నాము: సిమెంటు ఎంత మంచిదైనా దానిని పెట్టే పద్ధతి సరిగా లేకపోతే అంచున లీకు వస్తుంది.

లీకు అంటే ఏమిటి?

మనం తెల్ల సిమెంటు అని పిలిచేదాని అసలు పేరు కాంపోజిట్. సన్నని గాజు వంటి పొడిని రెజిన్ అనే జిగురు పదార్థంలో కలిపి దీనిని తయారుచేస్తారు. పెట్టేటప్పుడు ముద్దలా మెత్తగా ఉంటుంది. నీలి వెలుతురు చూపిస్తే కొన్ని సెకన్లలో గట్టిపడుతుంది. అమెరికాలో రాఫెల్ బోవెన్ అనే ఆయన కనిపెట్టిన రెజిన్‌కు 1962లో పేటెంటు వచ్చింది. నేటి కాంపోజిట్లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే.

దీనికి ఒక గుణం ఉంది. గట్టిపడేటప్పుడు కొద్దిగా ముడుచుకుంటుంది. రకాన్ని బట్టి ఇది నూటికి సుమారు 2 నుండి 3 వంతులు ఉంటుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు ఒండ్రుమట్టి ముడుచుకుని బీటలు వారడం మనం చూస్తాము కదా! అక్కడ నీరు ఆరిపోవడం వల్ల ముడుచుకుంటుంది. ఇక్కడ రెజిన్ కణాలు ఒకదానికొకటి దగ్గరగా అతుక్కోవడం వల్ల ముడుచుకుంటుంది. అలా ముడుచుకునేటప్పుడు పంటి గోడ నుండి లాగుకుంటే మధ్యలో కంటికి కనిపించని సందు ఏర్పడుతుంది. అది కొద్ది మైక్రాన్లే ఉండవచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నోటిలోని సూక్ష్మక్రిములు చాలావరకు ఒక మైక్రాన్ సైజులోనే ఉంటాయి కాబట్టి వాటికి ఆ సందు చాలు. ఉమ్మి, తీపి నీరు, క్రిములు అందులోకి చేరుతాయి. లీకు అంటే ఇదే.

పాత వెండి సిమెంటులో కాలం గడిచేకొద్దీ ఏర్పడే తుప్పు వంటి పదార్థం ఆ సందును కొంత పూడ్చేది. తెల్ల సిమెంటుకు ఆ సౌకర్యం లేదు. అది పంటిని గట్టిగా అంటుకొని ఉండడం మీదే ఆధారపడుతుంది.

పెట్టే పద్ధతిలో ఏమి చేస్తారు?

మొదటిది, పన్ను పొడిగా ఉండాలి. 1955లో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు పంటిపై ఆమ్లం పూసి కడిగితే రెజిన్ బాగా అంటుకుంటుందని చూపించారు. ఇప్పటికీ సాధారణంగా అదే చేస్తారు. ఆమ్లం పూసి, కడిగి, తరువాత అంటించే ద్రవం పూస్తారు. ఈ మధ్యలో ఒక్క చుక్క ఉమ్మి తగిలినా పట్టు తగ్గుతుంది. అప్పుడు డాక్టరుగారు మళ్లీ కడిగి మొదలుపెట్టవలసి వస్తుంది. అందుకే దూది పెడతాము, ఉమ్మిని పైపుతో లాగుతాము, వీలైతే పంటి చుట్టూ రబ్బరు షీటు కడతాము. అది ఇబ్బందిగా అనిపించినా మీ మేలుకే.

రెండవది, పొరలు పొరలుగా పెట్టాలి. లోతైన గుంతను మామూలు కాంపోజిట్‌తో ఒకేసారి నింపితే అడుగు దాకా వెలుతురు చేరదు, అడుగున పచ్చిగా మిగులుతుంది. ముద్ద అన్ని గోడలనూ ఒకేసారి లాగుతుంది కూడా. అందుకే 2 మిల్లీమీటర్లు మించని పొర వేసి, వెలుతురు చూపి, ఆ తరువాత ఇంకొక పొరను కొంచెం ఏటవాలుగా వేస్తారు. ఒక్కో పొర తక్కువ గోడలను తాకుతుంది కాబట్టి లాగుడు తగ్గుతుంది. 4 మిల్లీమీటర్ల దాకా ఒకేసారి నింపగల బల్క్‌ఫిల్ రకాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. వాటికైనా పొడి పన్ను, చాలినంత వెలుతురు తప్పవు.

మూడవది, చిగురు దగ్గరి అంచు. పైన ఎనామెల్‌కు కాంపోజిట్ బాగా అంటుకుంటుంది. చిగురు కిందికి పోయిన గుంతలో ఎనామెల్ ఉండదు, తడి ఎక్కువ, పట్టు తక్కువ. లీకు ఎక్కువగా కనిపించేది అక్కడే. అటువంటి చోట కొందరు డాక్టర్లు అడుగున గ్లాస్ అయానమర్ అనే సిమెంటు వేసి, దానిపై కాంపోజిట్ పెడతారు.

ఇదంతా ఎలా తెలుస్తుంది?

దంత వైద్య కళాశాలల్లో పీకేసిన పళ్లను తీసుకుని రకరకాల పద్ధతుల్లో సిమెంటు పెడతారు. వాటిని 5 డిగ్రీల చల్లని నీటిలో, 55 డిగ్రీల వేడి నీటిలో మార్చి మార్చి వందలసార్లు ముంచుతారు. తరువాత రంగునీటిలో నానబెట్టి, పంటిని నిలువునా కోసి, రంగు ఎంత లోపలికి పోయిందో కొలుస్తారు. ఏ పద్ధతిలోనైనా లీకు పూర్తిగా ఆగదని, జాగ్రత్తను బట్టి బాగా తగ్గుతుందని ఇటువంటి పరీక్షలు చెబుతున్నాయి.

మీరు చేయవలసినవి

• సిమెంటు పెట్టించుకునే రోజు తొందర పెట్టుకోకండి. రెండు పళ్లు ఉంటే రెండుసార్లు రండి.
• కుర్చీలో ఉన్నప్పుడు నోరు మూయవద్దు. ఇబ్బంది అయితే చేయి ఎత్తి సైగ చేయండి.
• మొద్దుబారిన పెదవి, బుగ్గ మామూలు అయ్యేవరకు ఏమీ నమలవద్దు.
• సిమెంటు పెట్టిన కొత్తలో కొద్దిరోజులు జివ్వుమనవచ్చు. అది తగ్గకపోయినా, తీపి తగిలితే నొప్పి వచ్చినా, ఆ సందులో ఆహారం ఇరుక్కుంటున్నా వెంటనే చూపించండి.
• అంచున గీత కనిపించినంత మాత్రాన సిమెంటంతా తీసేయనక్కరలేదు. ఒక్కోసారి అది మరక మాత్రమే, పాలిష్‌తో పోతుంది. ఏదైనదీ డాక్టరుగారు చూసి చెప్పాలి.
• రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. బెల్లం, మిఠాయి మాటిమాటికీ నోట్లో వేసుకోవద్దు. ఆరు నెలలకు ఒకసారి పళ్లు చూపించుకోండి.

ఆ అబ్బాయి ఆ రోజు హోటలుకు ఫోన్ చేసి సెలవు అడిగాడు. పాత సిమెంటు తీసేసరికి పుచ్చు నరానికి దగ్గరగా పోయి ఉంది, ఇంకా తగలలేదు. రబ్బరు షీటు కట్టి పొరలు పొరలుగా పెట్టడానికి ముప్పావు గంట పట్టింది. ఇంకొన్ని నెలలు ఆలస్యమైతే నరం తీసి రూట్ కెనాల్ చేయవలసి వచ్చేది. దాని ఖర్చు ఎంతో, ఎన్నిసార్లు తిరగాలో చేయించుకున్నవారికి తెలుసు.

ఒక పూట జీతం పోతుందని మీరు తొందరపడడం మాకు అర్థమవుతుంది. కానీ ఆ పూట మిగుల్చుకోబోయి పన్నే పోగొట్టుకున్నవారిని మేము చూశాము. ఈసారి వచ్చేటప్పుడు కొంచెం తీరిక చేసుకొని రండి.