సినిమాస్కోపు

సినిమాస్కోపు అనగా సాధారణ చలనచిత్రం కంటే బాగా వెడల్పైన బొమ్మను తెరపై చూపే పద్ధతి. పాత పద్ధతిలో బొమ్మ ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37 మాత్రమే, ఇంచుమించు మార్కాపురం పలకను అడ్డంగా పట్టుకున్నట్లు. సినిమాస్కోపులో ఈ వెడల్పు మొదట 2.55 కాగా, తరువాత 2.35 అయింది. 1974 మే 1న విడుదలైన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం.

పూర్వరంగం

వెడల్పైన బొమ్మపై మక్కువ సినిమా కంటే పాతది. కంభం చెరువు కట్టపై నిలుచుంటే నీరు, కొండలు ఒకే చూపులో ఇమడవు, తల తిప్పవలసిందే. 1844లో మార్టెన్స్ పారిస్‌లో తయారుచేసిన కెమెరాలో కటకం అలాగే తిరుగుతూ సుమారు 150 డిగ్రీల దృశ్యాన్ని చిత్రించేది. తరువాత కెమెరాయే మొత్తంగా తిరిగే రకం వచ్చింది. దానితో పాఠశాల గ్రూపు ఫొటో తీస్తున్నప్పుడు ఒక చివరనున్న తుంటరి విద్యార్థి వెనుకగా పరుగెత్తి రెండో చివరకు చేరితే ఫొటోలో రెండుసార్లు కనబడేవాడు!

అలా నెమ్మదిగా తిరిగే కెమెరా పరుగెత్తే గుర్రాన్ని తీయడానికి పనికిరాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రెటియన్ 1920లలో రూపొందించిన కటకం దృశ్యపు వెడల్పును సగానికి నొక్కి 35 మి.మీ. ఫిలిముపై పట్టిస్తుంది. ప్రొజెక్టరుకు అమర్చిన మరో కటకం దానిని మరల సాగదీస్తుంది. ఈ పద్ధతిలో 1953లో ది రోబ్ విడుదలైంది.

అశ్వికదళ చిత్రాలు, తెలుగు చిత్రాలు

విచిత్రమేమంటే, విశాలమైన ఎడారికి పేరుపొందిన జాన్ ఫోర్డ్ అశ్వికదళ చిత్రాలు (ఫోర్ట్ అపాచీ, 1948, షి వోర్ ఎ ఎల్లో రిబ్బన్, 1949, రియో గ్రాండే, 1950) మూడూ పాత ఇరుకు చట్రంలో తీసినవే. తెలుగులోనూ కౌబాయ్ ముందు, వెడల్పు తెర తరువాత వచ్చాయి. రాజస్థాన్ ఎడారిలో చిత్రీకరించిన మోసగాళ్ళకు మోసగాడు 1971లో వచ్చింది. నటుడు కృష్ణ, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్.స్వామి, ఈ ఇద్దరూ మూడేళ్ళ తరువాత అల్లూరికి పనిచేశారు. దర్శకుడు వి.రామచంద్రరావు చిత్రం మధ్యలో మరణించగా కృష్ణ పూర్తిచేశారు. పోరాట దృశ్యాలను మోసగాళ్ళకు మోసగాడు దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్ చూశారు.

ఇక్కడ గమనించదగ్గది దృష్టి మార్పు. ఫోర్ట్ అపాచీ సేనాని అహంకారాన్ని ఎండగట్టినా, కెమెరా కోటలోని సైనికుల పక్షానే ఉంటుంది. అపాచీలు ఎక్కువగా దూరపు గుట్టలపైనే కనబడతారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడిచేసినవారి కథలో ఆ గుట్టమీది మనుషులే నాయకులు, వెంటాడేది ప్రభుత్వ దళం. చాలా భాగం చింతపల్లి అడవుల్లోనే చిత్రీకరించారు కనుక వెడల్పు తెర ఇక్కడ ఆడంబరం కాదు. అడవి ఎవరిదన్నదే ఆ తిరుగుబాటుకు మూలం. ఆ అడవిని తెర నిండా చూపడం కథకు అవసరం.

పాత టీవీల్లో ఇటువంటి చిత్రాలను తరచు రెండు ప్రక్కలా కోసి ప్రసారం చేసేవారు. అలా చూసినవారికి చట్రం అంచుల్లో నిలుచున్న మన్యం ప్రజలు కనబడకుండా పోయేవారు.