అండమాన్ కడలిలో తెలుగు వల

విశాఖపట్నం రేవుకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణిస్తే గాని చేరలేని అండమాన్ దీవులలో చేపలవేటను ఒక పరిశ్రమగా నిలబెట్టినవారిలో తెలుగు మత్స్యకారులది ముఖ్య స్థానం. ఉత్తరాంధ్ర తీరం నుండి వలస వెళ్లిన కుటుంబాలు ఏడు దశాబ్దాలుగా అక్కడి సముద్రాన్ని నమ్ముకొని బతుకుతున్నాయి. ఆ సముద్రంలోని సూర చేపపై ఇప్పుడు పెట్టుబడిదారుల దృష్టి పడింది. వ్యాపారులు ట్యూనా అని పిలిచేది ఈ చేపనే.

1858లో ఆంగ్లేయులు శిక్షా స్థావరం నెలకొల్పిన నాటి నుండి ఈ దీవులలో ప్రధానమైన సంపద కలపే. సముద్రాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1930లలో జపాన్ పడవలు వచ్చినా అవి వెదికినది గుల్లలను. 1942 నుండి 1945 వరకు సాగిన జపాన్ ఆక్రమణ ముగిసి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1949 నుండి తూర్పు బెంగాల్ శరణార్థులను ఇక్కడ స్థిరపరచసాగారు. వారికి వరి పండించుకొనేందుకు భూములిచ్చారు. జనం పెరిగారు, చుట్టూ సముద్రమున్నా అందులో వేటాడే నేర్పు గలవారు కరవయ్యారు. ఈ లోటు తీర్చేందుకే 1950లలో ఆంధ్ర, కేరళ తీరాల నుండి మత్స్యకార కుటుంబాలను ప్రభుత్వం ప్రోత్సహించి రప్పించింది. వారి వెనుక, పిలవకుండానే, బంధువులు వచ్చారు.

అయితే తెచ్చుకున్న విద్య యథాతథంగా పనికిరాలేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాలలో ఇసుక ఒడ్డు, ఎడతెగని కెరటాలు. ఆ కెరటాలను దాటేందుకు దుంగలు కట్టిన తెప్ప, ఇసుక నేలపై లాగేందుకు పెద్దవల అక్కడి సాధనాలు. అండమాన్‌లో ఒడ్డు దాకా మడ అడవులు, ప్రశాంతమైన అఖాతాలు, నీటి అడుగున పగడపు దిబ్బలు. దిబ్బలకు తగిలిన వల చినిగిపోతుంది. కనుక కెరటాలను చీల్చే తెప్ప కంటె అఖాతాలలో తిరిగే డింగీ అక్కరకు వచ్చింది. దిబ్బల వద్ద వల కంటె గాలానికి విలువ హెచ్చింది. నైరుతి గాలులు వీచే నెలలలో పడమటి తీరాన వేట కష్టం. తూర్పు తీరం కొంత మేలు. కవళ్లు, కానాగంతలు, కోనెం పాత పరిచయస్తులే అయినా అవి దొరికే తావులను కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. తరాల అనుభవంతో కూడిన ఈ తెలివి ఏ శాఖ దస్త్రాలలోనూ పూర్తిగా కనబడదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేల పైచిలుకు, అంటే జనాభాలో 13 శాతానికి మించి ఉన్నారు. వీరందరూ మత్స్యకారులు కారు. కూలీలు, ఉద్యోగులు, వర్తకులు కూడా ఉన్నారు. అయినా 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు మాట వినబడడం వింత కాదు. 2023లో ఆ నగర పురపాలక మండలి అధ్యక్ష పదవి తెలుగుదేశం సభ్యురాలికి దక్కడం గమనార్హం.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో పడవలు, వలలు, రేవులు దెబ్బతిన్నాయి. దక్షిణ అండమాన్ భూభాగమే సుమారు ఒక మీటరు కుంగింది. మత్స్యకారులు మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టవలసి వచ్చింది.

దేశపు ప్రత్యేక ఆర్థిక మండలిలో నాలుగో వంతుకు పైగా, సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు, ఈ దీవుల చుట్టూనే ఉంది. ఏటా 1.48 లక్షల టన్నుల చేపలు పట్టవచ్చునని, అందులో సూర జాతి 60 వేల టన్నుల మేర ఉండవచ్చునని నిపుణుల అంచనా. పట్టుబడి మాత్రం అందులో సగానికి కూడా చేరలేదు. కారణం మత్స్యకారుల సోమరితనం కాదు. తీరం దాటిన కొద్ది దూరానికే సముద్రం లోతెక్కుతుంది. చిన్న పడవకు అక్కడ రోజుల తరబడి నిలిచే శక్తి లేదు, పట్టిన చేపను చెడకుండా ఉంచే మంచు లేదు. స్థానిక విపణి చిన్నది. గ్రూపర్ వంటి ఖరీదైన చేపను విమానంలో చెన్నైకి పంపాలంటే రవాణా ఖర్చు లాభాన్ని తినివేస్తుంది.

2024 నవంబరులో స్వరాజ్ ద్వీప్‌లో మత్స్యరంగ పెట్టుబడిదారుల సమావేశం జరిగింది. సూర చేపల సముదాయాన్ని ఇక్కడ అభివృద్ధి చేయడానికి కేంద్రం పూనుకొంది. 2025 నవంబరులో వెలువడిన కేంద్ర నిబంధనలు లోతు సముద్రపు వేటలో సహకార సంఘాలకు, ఉత్పత్తిదారుల సంఘాలకు ప్రాధాన్యం ఇచ్చాయి. విదేశీ నౌకలకు తావివ్వలేదు. చిన్న పడవలు పట్టిన చేపను నడిసముద్రంలోనే పెద్ద నౌకకు అప్పగించే పద్ధతిని కూడా ప్రోత్సహించాయి. దూరం, మంచు అనే రెండు చిక్కులను ఇది తీర్చగలదు. ధర మాట వేరు. రేవులో వేలంపాటకు నలుగురు కొనుగోలుదారులు వస్తారు. నడిసముద్రంలో ఎదురుగా నిలిచేది ఒక్క నౌకే. ఆ నౌక మత్స్యకారుల సంఘానిదైతే లాభం రేవుకు చేరుతుంది. పెట్టుబడిదారునిదైతే అతడు చెప్పిందే ధర. జంగ్లీఘాట్ వంటి రేవులలో డింగీలు నడిపేవారికి నౌక కొనే స్తోమత విడివిడిగా లేదు. సంఘంగా ఏర్పడి, బ్యాంకు రుణం పొందితే తప్ప కొత్త నిబంధనలలోని ప్రాధాన్యం వారికి అందదు.