అద్దాల మేడలు - వాటిని తుడుచు విద్య

వీర్నపల్లి పరిసర గ్రామములలో 'దుబాయి' అనగా ఒక్క నగరము కాదు. సౌదీ అరేబియాకు పోయినను, కువైటుకు పోయినను, మస్కటుకు పోయినను 'దుబాయికి పోయినాడు' అనియే చెప్పుకొందురు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల నుండి కొన్ని దశాబ్దములుగా వేలాదిమంది ఇట్లు పోవుచున్నారు. వారికి దొరకు పనులలో 'క్లీనరు' పని ఒకటి. ఈ మాట చాల చిన్నది, దాని అర్థము మాత్రము చాల పెద్దది. ఆఫీసు గదిని ఊడ్చువాడును క్లీనరే, నలుబదవ అంతస్తు వెలుపల త్రాటికి వ్రేలాడుచు అద్దము తుడుచువాడును క్లీనరే. ఈ రెండవ పనికి వేరే విద్య కావలెను, వేరే రక్షణ కావలెను. ఆ విద్య యెట్టిదో, ఆ రక్షణ యెట్టిదో ఈ ప్రసంగములో వివరింపదలచితిమి.

మొదట అద్దము సంగతి చూతము. నీళ్లు చల్లి గుడ్డతో తుడిచినచో అద్దము శుభ్రపడునని మన మనుకొందుము. కాని బోరు నీటితో కడిగిన స్టీలు పళ్లెమును తుడువక అట్లే ఆరబెట్టి చూడుడు. దానిపై తెల్లని మచ్చలు నిలుచును. నీరు ఆవిరియై పోయినది గాని, అందులో కరిగియున్న సున్నపు లవణములు పోలేదు. అద్దముపై జరుగునదియు ఇదియే. అందుచేత నీరు చల్లుట ఈ వృత్తిలో సగము పని మాత్రమే. ఆ నీరు అద్దముపై ఆరిపోకముందే, మురికితో సహా దానిని పూర్తిగా లాగివేయుట తక్కిన సగము.

దీనికి వాడు పనిముట్టు రబ్బరు అంచు గల వైపరు. పూర్వము రెండు రబ్బరు పట్టీలతో, అనేకమైన మరలతో బరువైన వైపరులు ఉండెడివి. ఇటలీ నుండి అమెరికాకు వలస వెళ్లి, కాలిఫోర్నియాలోని ఓక్లండులో కిటికీలు తుడిచి జీవించిన ఎట్టోరే స్టెక్కోనే, 1936లో ఒకే పట్టీ గల తేలికైన ఇత్తడి వైపరును రూపొందించెను. నేటికిని ఈ వృత్తివారి చేతిలో ఉన్నది ప్రధానముగా ఆ నమూనాయే. వలస కూలి ఒకడు తన కష్టము నుండి కనిపెట్టిన పనిముట్టు ప్రపంచమంతట నిలిచినదని మనము గుర్తుంచుకొనవచ్చును.

దానిని వాడుటకు ఒక క్రమ మున్నది. మొదట ఇసుకను, దుమ్మును ధారాళముగా నీటితో జార్చవలెను. పొడి గుడ్డతో రుద్దినచో ఇసుక రేణువులు అద్దమును గీయును, ఆ గీతలు ఇక పోవు. తరువాత కొద్దిగా సబ్బు కలిపిన నీటిని మెత్తని తొడుగుతో పూయవలెను. అద్దము అంచున వ్రేలెడు వెడల్పు ఆరబెట్టుకొని, అక్కడి నుండి వైపరును లాగవలెను. ప్రతి లాగుడును ముందటి దానిపై కొంచెము ఎక్కవలెను, ప్రతి లాగుడు తరువాత రబ్బరు అంచును తుడుచుకొనవలెను. మండుటెండలో ఈ పని కుదరదు. వైపరు చేరకముందే నీరు ఆరి చారలు పడును. కనుకనే నేర్పరులు నీడను అనుసరించి మేడ చుట్టును తిరుగుదురు.

కొన్ని మేడలకు నేల నుండియే పొడవైన గొట్టపు కఱ్ఱతో నీరు పంపి, చివర ఉన్న కుంచెతో రుద్దుదురు. అక్కడ వైపరు అందదు. అందువలన లవణములన్నియు తీసివేసిన శుద్ధజలమునే వాడుదురు. అది దానంతట అదే ఆరినను మచ్చ పడదు.

ముదిరిన మచ్చలకు ఆమ్లము వాడుదురు. ఇంటి కిటికీకి పలుచని నిమ్మరసమో, వెనిగరో చాలును. కాని కొన్ని మచ్చల మందులలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము ఉండును. ఇది అద్దమునే తినివేయగలది. చర్మముపై పడినపుడు ఒక్కొక్కసారి వెంటనే మంట తెలియదు. అది లోనికి దిగి, శరీరములోని కాల్షియమును హరించి, గుండెకే ముప్పు తెచ్చును. పేరు లేని డబ్బాలోని మందును ముట్టకుండుట మేలు.

ఇక ఎత్తు సంగతి. దుబాయిలో 2010 జనవరిలో ప్రారంభమైన బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. దాని కిటికీలు సుమారు 24 వేలు. ఒకసారి అన్నిటిని తుడుచుటకు మూడు నెలల దాకా పట్టును. అందుకు మేడ గోడలోనే అమర్చిన యంత్రములు కలవు. పై కొనలో మనుషులు త్రాళ్లపై దిగుదురు. సామాన్యమైన మేడలపై ఊయల వంటి గొండోలాను పైకప్పు నుండి దింపుదురు, లేదా మనిషియే త్రాటిపై దిగును.

త్రాటి పనిలో మూలసూత్రము ఒకటే. త్రాళ్లు రెండుండవలెను. ఒకటి పని చేయుటకు, రెండవది ప్రాణము కాపాడుటకు. రెండును వేరువేరు ఆధారములకు కట్టియుండవలెను. ఒకే గుంజకు కట్టిన రెండు త్రాళ్లు, గుంజ ఊడినపుడు ఒక్కదానితో సమానము. గోడ అంచున త్రాడు ఒరయుచోట తొడుగు వేయవలెను. రాపిడికి పోగు యెట్లు తెగునో సిరిసిల్ల నేతవారికి మేము చెప్పనక్కరలేదు. గొండోలాలో నిలుచున్నవానికి కూడ నడుము బెల్టు వేరొక త్రాటికి తగిలించి యుండవలెను. గాలి హద్దు మీరినపుడు పని ఆపవలెను. స్పృహ తప్పి బెల్టులో వ్రేలాడువానికి నిమిషములే ప్రాణము. కాబట్టి వానిని వెంటనే దింపగల మనుషులు, సాధనములు ముందే సిద్ధముగా నుండవలెను.

ఇది మనకు పూర్తిగా కొత్త భావము కాదు. మన గీత కార్మికులు తరతరములుగా మోకును నమ్ముకొని తాళ్లెక్కుచున్నారు. మోకు జారినపుడు ఆదుకొనునది ఏదియు లేక ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము 'కాటమయ్య రక్ష' పేరుతో వారికి రక్షణ సామగ్రి పంపిణీ మొదలుపెట్టినది. తాటిచెట్టుకు వర్తించు న్యాయమే అద్దాల మేడకును వర్తించును.

ఎండ విషయములో గల్ఫు దేశములకు నియమములు కలవు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల దాకా నేరుగా ఎండలో పని చేయించరాదు. పొరుగు దేశములలోను కొద్ది మార్పులతో ఇట్టి నియమములే ఉన్నవి. ఇది యజమాని చూపు దయ కాదు, చట్టము. అద్దము ఎండను తిరిగి మనిషిపైకే కొట్టును గనుక ఈ వృత్తివారికి ఇది మరింత ముఖ్యము.

కాబట్టి 'క్లీనరు' వీసా చేతికి వచ్చినపుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. పని లోపలనా, వెలుపలనా? వెలుపల నైనచో ఎన్ని అంతస్తులు? శిక్షణ ఎన్ని దినములు, ఆ దినములకు జీతమున్నదా? ఎత్తు పనికి జీతము వేరుగా నున్నదా? ఇవి మాటలలో గాక ఒప్పంద పత్రములో నుండవలెను. లైసెన్సు గల ఏజెంటు పన్ను కాక 30 వేల రూపాయలకు మించి సేవారుసుము తీసికొనరాదు. పదవ తరగతి ప్యాసు కానివారు గల్ఫుకు పోవునపుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాద మరణమునకు, శాశ్వత వైకల్యమునకు దాని మొత్తము 10 లక్షల రూపాయలు. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు 5 లక్షల సహాయమును రాష్ట్ర ప్రభుత్వము 2024లో ప్రకటించినది. ఇవన్నియు అవసరమే. కాని ఇవి మనిషి పోయిన తరువాత ఇంటికి వచ్చు ధనము. మనిషినే ఇంటికి తెచ్చునది ఆ రెండవ త్రాడు.

ఈ విద్యకు ఇప్పుడు సముద్రము దాటి పోనక్కరయు లేదు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు అద్దాల మేడలతో నిండినవి. అక్కడి అద్దములకును దుమ్ము పట్టును, వానిని తుడుచు మనుషులును కావలెను. వారిని కూలివారుగా గాక నేర్పరులుగా చూచి, శిక్షణయు, తగిన జీతమును ఇచ్చుట మేడల యజమానుల విధి. ఆ నేర్పును పత్రముతో, శిక్షణతో సహా అడిగి పుచ్చుకొనుట మన యువకుల హక్కు. గ్రామములోని పెద్దలు, చదువుకొన్న పిల్లలు ప్రయాణమునకు ముందు ఆ ఒప్పంద పత్రమును ఒకసారి చదివి వినిపించినచో, అది పోవువారికి వారు చేయగల గొప్ప ఉపకారము కాగలదు.