ఆసుపత్రి నడిపే చదువు: ఫీజు కట్టేముందు అడగండి!

అమ్మాయి డిగ్రీ అయిపోగానే "ఇంకేం చదివిద్దాం?" అన్న చర్చ మన ఇళ్ళలో మామూలే. ఆసుపత్రి ఉద్యోగమంటే మనకు డాక్టరమ్మ, నర్సమ్మే గుర్తొస్తారు. మరి మంచాలు ఖాళీ ఉన్నాయా, మందులు నిండుకున్నాయా, బిల్లు తయారైందా అని చూసేవాళ్ళు ఉండొద్దూ? ఆ పని నేర్పేదే హాస్పిటల్ మేనేజ్‌మెంట్. హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఈ పీజీ కోర్సులున్నాయి. ప్రైవేటు కాలేజీలూ చెబుతున్నాయి.

అయితే ఆసుపత్రులు మారినంత వేగంగా పాఠాలు మారాయా? అదీ చూడాల్సింది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలైంది. ముందు అనుమతి తెప్పించాలి, కాగితాలన్నీ సరిగ్గా పంపాలి. ఒక్కటి తప్పితే ఇబ్బంది పడేది మంచం మీదున్న మనిషే! 2021లో మొదలైన డిజిటల్ ఆరోగ్య మిషన్‌లో 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. రోగి వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. మనుషుల వివరాలు కాపాడాలని 2023లో చట్టమూ చేశారు. మనం తడి చెత్త, పొడి చెత్త వేరుచేసినట్టే, ఆసుపత్రి చెత్తను 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులవారీగా వేరుచేయాలి. ఇవన్నీ పాఠాల్లో ఉండాలి.

పుస్తకం ఒక్కటే చాలదమ్మా. మా అత్తమ్మకు ఆపరేషనయ్యాక డాక్టరు పొద్దున పదింటికే "ఇంటికెళ్ళొచ్చు" అన్నారు. ల్యాబు, మందుల షాపు, ఇన్సూరెన్సు కౌంటర్ తిరిగి కాగితం చేతికొచ్చేసరికి దీపాలవేళయింది. తరిగొప్పులకు బస్సు దొరకలేదు. ఆ కాగితం ఎక్కడ, ఎంతసేపు ఆగిందో వెంట నడిచి చూసిన విద్యార్థికే దాన్ని త్వరగా కదిలించడం తెలుస్తుంది.

అందుకే చేర్పించేముందు ఇవి అడగండి:

* సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీ ఇస్తుంది?
* సిలబస్ ఎప్పుడు మార్చారు?
* ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్సు, కంప్యూటర్ రికార్డులు నేర్పుతారా?
* ఆసుపత్రిలో ఎన్ని నెలల శిక్షణ? ఏ ఆసుపత్రిలో?
* ఇదివరకు చదివినవాళ్ళు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? వీలైతే వాళ్ళతో మాట్లాడించమనండి.

సూటిగా జవాబు చెప్పకపోతే ఫీజు డబ్బు కొంగున ముడేసుకుని వచ్చేయండి!

2023లో మన జనగామకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. డాక్టర్లు తయారవుతున్నారు, సంతోషం. వాళ్ళ వైద్యం సకాలంలో మనిషికి అందేలా చూసే పిల్లలూ మన ఊళ్ళనుంచే రావాలి. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ఏ కౌంటర్ దగ్గర తికమకపడుతుందో వాళ్ళకు వేరే చెప్పాలా?