సంగీతమున పరప్రభావము – స్వంత బాణి

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున పదవ తరగతి విద్యార్థి యొకడు అన్నమాచార్య సంకీర్తన నొకదానిని ఎలక్ట్రిక్ గిటారుపై వాయించెను. సభ ముగిసిన పిమ్మట కొందరు తల్లిదండ్రులు మమ్ము కలిసికొనిరి. “బాలుడు ఇంట నెల్లప్పుడు ప్రోగ్రెసివ్ మెటల్ అను హోరు వినునట. ఆ ఛాయ కీర్తనపై పడినది. కపాలీశ్వరుని కోవెలకు కూతవేటు దూరమున, తెలుగుబడిలో, ఇది తగునా?” అని యడిగిరి. నాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి.

పరాయి వాద్యము మనకు క్రొత్తది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు, నేడు మన నగరములో చేరియున్న మణలిలో, ఐరోపా వాద్యకారుని వద్ద ఫిడేలు నేర్చెను. ఆ ఫిడేలు నేడు లేని కచేరి యున్నదా? అయితే మనవారు దాని శ్రుతిని మార్చిరి. నేలపై కూర్చుండి, దాని తలను పాదముపై నానించి వాయించిరి.

ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మాండలిన్ శ్రీనివాస్. ఆయన 1969లో పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడుచుండగా శిష్యుడు విని వాయించెడివాడు. మా దృష్టిలో అసలు రహస్య మిదియే. మాండలిన్‌పై కర్ణాటక సంగీతము వాయించుటకు అనుకరింపదగిన వరవడి యేదియు ఆ బాలుని యెదుట లేదు; ఉన్నది కంఠస్వర మొక్కటే.

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండును. వీణపై మైనములో నిలిపిన యెత్తైన మెట్లవలన తీగను లాగి గమకము పలికింపవచ్చును. మాండలిన్ మెట్లు పొట్టివి, తీగలు జంటలు, నాదము క్షణములో అణగిపోవును. అందుచే శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను గ్రహించి, జంటలను తొలగించి, అయిదు ఒంటి తీగలు కట్టించెను. 1981 డిసెంబరులో, పండ్రెండేండ్ల వయసున, మదరాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించెను. “ఇందులో గమకము పలుకునా?” అని శంకించిన రసికులు లేకపోలేదు.

చిత్రమేమనగా, ఆవలి తీరమునను ఇదియే జరిగినది. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించిన ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నభ్యసించినవాడు. పిదప శక్తి బృందమునకై తన గిటారు మెట్ల నడుమ కొయ్యను తొలిపించెను. తీగను లాగి మన గమకమును పలికించుటకే. తరువాత రిమెంబర్ శక్తి బృందమున ఈయనయు శ్రీనివాసును ప్రక్కప్రక్కన కూర్చుండి వాయించిరి. ప్రోగ్రెసివ్ మెటల్ వారు గొప్పగా చెప్పుకొను ఏడు, అయిదు మాత్రల నడకలు మిశ్రచాపు, ఖండచాపు ఎరిగిన మన పిల్లలకు వింత కావు. ఆ బాలుని చెవి అక్కడ నిలిచినందుకు మేము ఆశ్చర్యపడము.

అట్లని కలిసినదెల్ల మేలని మేము చెప్పము. 1995లో కెనడా గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో శ్రీనివాస్ చేసిన ‘డ్రీమ్’ అను ఆల్బమ్‌ను మేము పలుమార్లు వింటిమి. ఇంపుగనే యున్నది, కాని పెక్కు చోట్ల మాండలిన్ పరుల ధ్వనిపొరలలో మునిగి, రాగము అతిథివలె ఒదిగి కూర్చున్నట్లు తోచును. మెక్‌లాఫ్లిన్ ప్రక్కన అట్లు తోచదు. శ్రీనివాస్ 2014లో, నలువదియైదేండ్లకే, మన నగరముననే కన్నుమూసెను.

ఇక మా విద్యార్థి విషయము. వాని వాద్యమున దోషము లేదు, దోషము వేరొకటి. వాడు సంకీర్తనను రికార్డునుండి వ్రేళ్లతో నేర్చెనేగాని నోట పాడి యెరుగడు. స్వరములు సరిగనే యున్నవి, గమకములు లేవు. ఈ యేడు గిటారును కొన్నాళ్లు ప్రక్కనుంచి పాడుట నేర్వుమని చెప్పితిమి. శనివారము లందు మా సంగీతోపాధ్యాయిని వద్ద నేర్చుకొనుచున్నాడు. రానున్న వార్షికోత్సవమున అదే కీర్తనను అదే గిటారుపై మరల వాయించును. ఆక్షేపించిన పెద్దలకు ముందు వరుసలో ఆసనములు కేటాయించియున్నాము.