పనిముట్టునకు చోటు

చేతిపనులలో నేర్పు అనునది వ్రేళ్లయందే ఉండునని సామాన్యముగా తలంతురు. పూర్తియైన నగను చూచి పనివాని కంటిని, చేతిని మెచ్చుకొందురు. కాని చేయి చాచిన చోట కావలసిన వస్తువు దొరకనిచో ఎంతటి నేర్పరికిని పని సాగదు. ఇంటనే పని చేసికొను వృత్తులవారికి ఈ విషయము మరింత ముఖ్యమైనది. వారి కర్మశాల ప్రత్యేకమైన భవనము కాదు. వసారాలో ఒక మూల, లేదా వీధివైపు గది. అచట పిల్లలు తిరుగుదురు, గాలి వీచును, దినమునకు రెండు మారులు చీపురు పడును. అట్టి చోట ఆవగింజంత వస్తువులను పోగొట్టుకొనక పని చేయుటయే ఒక విద్య.

నంద్యాల జిల్లాలోని సంజామల ప్రాంతమునకు చేతిపనులు క్రొత్తవి కావు. సంజామల మండలమునందలి నొస్సము ఒకప్పుడు లక్కపూతతో రంగులు దిద్దిన వస్తువులకు పేరొందినది. అహోబిలమునకు పోవు దారిలోని ఆళ్లగడ్డలో నేటికిని శిల్పులు రాతితో దేవతామూర్తులను మలచుచున్నారు. ఇక స్వర్ణకారుని కుంపటి ఏదో ఒక ఊరికి చెందినది కాదు. తెలుగునాట పెద్ద గ్రామములందెల్ల అది కానవచ్చెడిది. ఈ వృత్తులలో మిక్కిలి చిన్న వస్తువులతోను, మిక్కిలి విలువైన పదార్థముతోను పనిచేయువాడు స్వర్ణకారుడే. కావున సామగ్రిని అమర్చుకొను విధమును మొదట అతనియొద్దనే చూడవలెను.

పూర్వపద్ధతి ననుసరించు స్వర్ణకారుడు నేలపై చాప పరచుకొని కూర్చుండును. అతని ఎదుట చిన్న దాగలి ఉండును. కుంపటి, ఊదుగొట్టము, మూసలు, పట్టకార్లు ఒక ప్రక్క నుండును. ఇవి నిప్పుతో పని గలవి. సుత్తులు, ఆకురాళ్లు, కత్తెరలు మరియొక ప్రక్క నుండును. ఇవి కొట్టుటకును, అరగదీయుటకును, కత్తిరించుటకును పనికివచ్చునవి. తీగ సాగదీయు కమ్మచ్చు వంటివి నిత్యము అక్కరలేదు గనుక కొంచెము దూరముగా గోడకు చేర్చి యుంచబడును. ఇట్లు వస్తువులు ఆకారమును బట్టి గాక, చేయు పనిని బట్టి జట్లుగా విభజింపబడినవి. మాటిమాటికి కావలసినవి మూరెడు దూరములోను, అప్పుడప్పుడు కావలసినవి బారెడు దూరములోను ఉండును. కూర్చున్నవాడు లేవనవసరము లేదు; వెదకనవసరము అసలే లేదు.

తూనిక సామగ్రికి వేరుగా ఒక పెట్టె యుండెడిది. చిన్న త్రాసు, దాని సిబ్బెలు, తూనికరాళ్లు, గురివింద గింజలు అందులో ఉండెడివి. గురివింద తన నలుపెరుగదను సామెత అందరును విన్నదే. ఆ గింజలు ఇంచుమించు ఒకే బరువు కలిగియుండుటచే వానిని తూనికకు వాడిరి. తులము 11.66 గ్రాములు, తులమునకు 96 గింజల లెక్కన ఒక్కొక్క గింజ బరువు సుమారు 0.12 గ్రాము. 1956లో వచ్చిన తూనికల కొలతల చట్టము మెట్రిక్ పద్ధతిని ప్రమాణముగా నిలిపినది. నేడు విద్యుత్ త్రాసులు వాడుకలో నున్నవి. గురివింద గింజ లోపలి పప్పు గొప్ప విషము. కావున ఆ పెట్టెకు గట్టి మూత యుండుట తూనిక కొరకే గాక, ఇంటిలోని పసిపిల్లల క్షేమము కొరకును అవసరము.

కొన్ని వస్తువులు ఒకదాని ప్రక్క మరియొకటి ఉండరాదు. గీటురాయిపై గీచిన బంగారమును పరీక్షించుటకు నత్రికామ్లమును వాడుదురు. ఆ సీసాను ఉక్కు పనిముట్ల చెంత నుంచినచో దాని ఆవిరి తగిలి అవి త్రుప్పు పట్టును. సీసపు ముక్క బంగారముతో కలిసి కరిగినచో, అది కొంచెమైనను బంగారము పెళుసు బారి సుత్తి దెబ్బకు పగులును. అతుకులకు వాడు వెలిగారము తేమ తగులని డబ్బాలో నుండవలెను. దేనిని దేనికి దూరముగా నుంచవలెనో తెలియుట, దేనిని ఎచట నుంచవలెనో తెలియుటకంటె తక్కువ విద్య కాదు.

అన్నిటికంటె చిన్నది రజను. ఆకురాయితో నగను అరగదీసినప్పుడు రాలు సన్నని బంగారు పొడికి ఆ పేరు. దానిని రాలిన చోటనే పట్టుటకు ఒడిలోనో, పీట క్రిందనో బట్టనుగాని తోలునుగాని పరతురు. పని ముగిసిన పిమ్మట కుంచెతో ఊడ్చి డబ్బాలో వేయుదురు. ఆకురాయినుండి రాలిన ఇనుప పొడి అందులో కలిసియుండును గనుక అయస్కాంతమును త్రిప్పి దానిని వేరుచేయుదురు. బంగారు రజనుకు ఒక డబ్బా, వెండి రజనుకు మరియొకటి. 22 కారెట్ల బంగారములో నూటికి 91.6 పాళ్లు మేలిమి యుండగా, 18 కారెట్లలో 75 పాళ్లే యుండును. ఈ రెండును కలిసినచో మరల శుద్ధిచేయక తప్పదు.

ఇంత చేసినను కొంత రజను చాప సందులలోను, కుంపటి బూడిదలోను చేరును. ఆ చెత్తను కూడ పారవేయక దాచెడివారు. దానిని కడిగి బంగారము తీయువారికి జలగడుగువారని పేరు. బంగారము నీటికంటె 19 రెట్లకు పైగా బరువైనది. ఇసుక సుమారు రెండున్నర రెట్లే. అందుచేత పళ్లెములో నీరు పోసి కదపగా మన్ను కొట్టుకొనిపోవును, బంగారము అడుగున నిలుచును. ఈ పనికి పాదరసమును వాడు పద్ధతియు గలదు; దాని ఆవిరి నరములను చెరచును గనుక అది విడువదగినది.

ఇంతటి జాగ్రత్త యెందుకు? ఆ బంగారము సాధారణముగా స్వర్ణకారునిది కాదు. ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టి, కూతురి పెండ్లికని అతని చేతిలో పెట్టినది. తూచి యిచ్చిన బంగారము నగయై తూకమునకు తిరిగి రావలెను. పనిలో పోయినదానిని తరుగని లెక్కింతురు. రజను చెదరినచో తరుగు పెరుగును. తరుగు పెరిగినచో అనుమానము పుట్టును. స్వర్ణకారుని శంకించు సామెతలు లోకమున కొన్ని గలవు. నిజాయితీ గలవాడు వానికి మాటలతో బదులు చెప్పడు. మూత పెట్టిన రజను డబ్బాయే అతని సమాధానము. పొందికలేని చోట దొంగతనము జరుగకున్నను నింద వచ్చును.

రాతిపనిలో పదార్థము పెద్దది. అయినను సూత్రము అదియే. ముతక చెక్కుడుకు ఒక ఉలి, నునుపునకు మరియొకటి, కనుబొమ్మకు, వ్రేలికొనకు ఇంకను సన్ననివి కావలెను. పదునైనవానిని, మొద్దుబారినవానిని కలిపి యుంచరాదు. పొరపాటున మొద్దుబారిన ఉలి చేతికి వచ్చి దెబ్బ తప్పినచో విగ్రహపు ముక్కు విరుగవచ్చును. స్వర్ణకారుడు చెడిన నగను కరిగించి తిరిగి చేయగలడు. విరిగిన రాతిని అతికి పూర్వపు మూర్తిగా చేయుట శిల్పికి సాధ్యము కాదు.

ఈ సూత్రములు ఇంటిలో కుట్టుపనికి, పూసలపనికి, బొమ్మల తయారీకి కూడ వర్తించును. ఒక్కొక్క తీరు పూసలను ఒక్కొక్క గాజుసీసాలో వేసినచో మూత తీయకయే కానవచ్చును. ఖాళీ అగ్గిపెట్టెలను ఒకదానిపై నొకటి అతికించినచో గుండీలకు చక్కని సొరుగులగును. సూదులను నూనె పూసిన గుడ్డకు గ్రుచ్చియుంచినచో త్రుప్పు పట్టవు. రంగుకుంచెలను కడిగి, వెండ్రుకలు పైకుండునట్లు నిలుపవలెను. ప్రతి డబ్బాపైనను పేరు వ్రాయవలెను. అప్పుడు ఇతరులును తీసిన వస్తువును తీసిన చోట పెట్టగలరు. పూసలు పోసి పనిచేయునప్పుడు అంచుగల పళ్లెమును క్రింద నుంచవలెను.

పనివారు దసరా నాళ్లలో ఆయుధపూజ చేయుదురు. ఆనాడు పనిముట్లన్నిటిని బయటికి తీసి, తుడిచి, వరుసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టుదురు. భక్తితోపాటు అందులో మరియొక ప్రయోజనము గలదు: ఏది అరిగినది, ఏది విరిగినది, ఏది కానరాదు అను సంగతి ఆ ఒక్కనాడు తేటపడును. ఆ వరుసలో ప్రక్కన కూర్చున్న పిల్లవాడు ప్రతి వస్తువు పేరును, పనిని, చోటును తెలిసికొనును. అతడు ఇంకను సుత్తి పట్టియుండడు. అయినను విద్యాభ్యాసము అప్పుడే ఆరంభమైనది.