మీకు తెలుసా? అమ్ముకోవచ్చు, పేరు మాత్రం చెరపకూడదు

ఒకరు ఏళ్ల తరబడి రాసి ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు ఇంకొకరు ధర కట్టి అమ్మితే, సొమ్మొకడిది సోకొకడిది అనిపిస్తుంది. కానీ అందులో ఏది న్యాయం, ఏది అన్యాయం అన్నది లైసెన్సు చదివితేనే తేలుతుంది.

● సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను అమ్మడం నేరం కాదు. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 1998లో ప్రకటించిన నిర్వచనంలో మొట్టమొదటి నిబంధనే అది: వేరే ప్రోగ్రామ్‌లతో కలిపి అమ్ముకునేవారిని లైసెన్సు అడ్డుకోకూడదు. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ స్వయంగా 1985లో తన ఈమాక్స్ ఎడిటర్‌ను టేపుల మీద ఎక్కించి, టేపు 150 డాలర్లకు అమ్మారు. నెట్ ఉన్నవాళ్లు అదే కోడ్‌ను పైసా ఇవ్వకుండా దించుకునేవారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకూ దాన్ని కాపీ చేసి పదిమందికి పంచే హక్కు ఉండేది.

● ఎంఐటీ లైసెన్సు ఒక్క పేజీ కూడా నిండదు. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి అంటుంది. బదులుగా అడిగేది ఒక్కటే: రాసినవారి కాపీరైట్ వాక్యాన్ని, ఆ లైసెన్సును ప్రతి కాపీతోనూ ఉంచాలి. మూడు షరతుల బీఎస్‌డీ లైసెన్సు ఇంకో మాట కలుపుతుంది: అనుమతి లేకుండా అసలు రచయితల పేరు చెప్పుకుని మీ సరుకును అమ్ముకోకూడదు. గ్నూ ప్రాజెక్టు లైసెన్సు జీపీఎల్ ఇంకాస్త ముందుకెళ్తుంది. ప్రోగ్రామ్‌ను ఎవరికి అమ్మితే వారికి సోర్స్ కోడ్ కూడా అందాల్సిందే.

● ఈ షరతులకు కోర్టులో విలువ తెచ్చినవి బొమ్మ రైళ్లు! కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ రాబర్ట్ జాకబ్సెన్, ఇంకొందరు కలిసి బొమ్మ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే జేఎంఆర్ఐ సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చారు. అందులోని ఫైళ్లను ఒక కంపెనీ తన ప్రోగ్రామ్‌లో వాడుకుంది. లైసెన్సు కోరినట్లు రచయితల పేర్లు లేవు, కాపీరైట్ వాక్యం లేదు, ఏం మార్చారో చెప్పిన వివరం లేదు. జాకబ్సెన్ దావా వేస్తే, కింది కోర్టు దీన్ని ఒప్పంద ఉల్లంఘనగానే చూసింది. 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. షరతు మీరితే కాపీరైట్ చట్టం కిందే నిలదీయవచ్చని, డబ్బు తీసుకోకుండా ఇచ్చినంత మాత్రాన రచయిత హక్కులు పోవని తేల్చింది. 2010లో రాజీ కుదిరి, లక్ష డాలర్లు చెల్లించడానికి ఎదుటి పక్షం ఒప్పుకుంది.

● చట్టం దగ్గర తప్పు లేకున్నా మర్యాద దగ్గర లోటు ఉండవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో పాఠాలు చెప్పడం కోసం మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. తర్వాత దాన్ని బీఎస్‌డీ లైసెన్సుతో విడుదల చేశారు. ఇంటెల్ తన చిప్‌లలోని మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే భాగంలో దాన్నే వాడిందని 2017లో ఆయనకు వార్తల ద్వారా తెలిసింది. ఇంటెల్‌కు చెప్పాల్సిన బాధ్యత లేదని ఆయనే బహిరంగ లేఖలో ఒప్పుకున్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం రాశారు. కోట్ల కంప్యూటర్లలోకి చేరిన పనికి ఆయన ఆశించింది ఆ ఒక్క కబురే!

● అమ్మకాన్ని పూర్తిగా నిషేధిస్తే అసలు రచయితలకే దెబ్బ. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎవరెవరో తెచ్చి అమ్ముకోవడాన్ని ఆపాలని మైక్రోసాఫ్ట్ 2022లో తన స్టోర్‌కు కొత్త నిబంధన రాసింది. దాని మాటలను బట్టి చూస్తే, బొమ్మలు గీసే క్రిటా లాంటి ప్రోగ్రామ్‌ల సొంత బృందాలూ అమ్ముకోలేవు. క్రిటా తన సైటులో ఉచితం. స్టోర్‌లో కొన్నవారి డబ్బు దాని తయారీకే వెళ్తుంది. అభ్యంతరాలు రావడంతో ఆ ఏడాది జులైలోనే ఆ వాక్యాన్ని తీసేశారు.

● మన తెలుగు అక్షరాల వెనకా ఇలాంటి షరతే ఉంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందుతున్నాయి. వాటితో పుస్తకం అచ్చేసి అమ్ముకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్మవచ్చు. ఉత్త ఫాంటుకు మాత్రం ధర పెట్టకూడదు.

● లైసెన్సులో పేరు ఉంచితే అది ఎంత దూరం వెళ్తుందో కర్ల్ అనే ప్రోగ్రామ్ సృష్టికర్త డేనియల్ స్టెన్‌బర్గ్‌ను అడగాలి. స్వీడన్‌లో ఉండే ఆయనకు ఎక్కడెక్కడి కార్ల యజమానులో ఈమెయిళ్లు పంపారు, తమ కారు తెర పనిచేయడం లేదని. కారులో కనబడిన లైసెన్సు పేజీలో ఉన్నది ఆయన చిరునామా మరి!

ఈ రోజు మీ ఫోన్ సెట్టింగ్స్‌లో చట్టపరమైన సమాచారం దగ్గరున్న ఓపెన్ సోర్స్ లైసెన్సుల పేజీ తెరవండి. వేలు నొప్పెట్టేదాకా జరిపినా తరగని పేర్లు కనిపిస్తాయి. ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌కైనా డబ్బు కట్టబోయే ముందు దాని అసలు సైటు చూడండి. ఇవ్వగలిగితే ఆ డబ్బు రాసినవారికే ఇవ్వండి.